శిఖం భూమి

హ్యూస్టన్ నగర చరిత్ర వ్రాసేవారు సాధారణంగా చమురుతోనో చంద్రమండల యాత్రతోనో ఆరంభిస్తారు. ఆ రెండు విషయాలకూ వ్రాసేవారి కొరత లేదు. నేను ప్రస్తావించదలచినది ఆ నగరానికి పడమటి దిక్కున ఉన్న రెండు చెరువులను. ఒకటి ఆడిక్స్, రెండవది బార్కర్. ఏడాదిలో అధికభాగం వాటిలో నీరు నిలువదు. పచ్చిక, చిట్టడవి, లేళ్ళు, పిల్లలు బంతులాడుకొనే మైదానాలు, నడకదారులు, ఇవే అక్కడ కనబడేవి. బార్కర్ గర్భంలో జార్జి బుష్ పేరిట ఒక ఉద్యానవనం, ఆడిక్స్ గర్భంలో బేర్ క్రీక్ పేరిట మరొక ఉద్యానవనం ఉన్నాయి. ఆరవ నంబరు రాష్ట్ర రహదారి మీద రోజూ ఉద్యోగాలకు పోయివచ్చే మన తెలుగువారు ఎందరో ఆ చెరువుల కడుపులోనుంచే కార్లు నడుపుకొంటూ పోతున్నారు. తాము దాటుతున్నది చెరువని వారిలో ఎందరికి తెలుసునో నాకు సందేహమే.

తెలంగాణ రెవెన్యూ దస్త్రాలలో శిఖం అనే మాట ఒకటి ఉన్నది. చెరువు నిండినప్పుడు నీటి క్రిందికి పోయే భూమి శిఖం. కోస్తా జిల్లాలవారు చెరువు గర్భం అంటారు. ఎండాకాలంలో నీరు వెనుకకు తగ్గితే ఆ భూమిలో పుచ్చపాదులు పెట్టుకోవచ్చు, పశువులను మేపుకోవచ్చు. ఇల్లు మాత్రం కట్టరాదు. చెరువు హద్దు ఈనాడు నీరు ఎంతవరకు ఉన్నదో అంతవరకు కాదు, నిండిననాడు ఎంతవరకు వస్తుందో అంతవరకు. తూము తీసి మూసే నీరటికాడికి అక్షరం ముక్క రాకపోయినా ఈ హద్దు మాత్రం కంఠతా వచ్చేది. హ్యూస్టన్‌లో కోట్ల డాలర్ల వ్యాజ్యాలకు కారణమైనది ఈ హద్దే.

మొదటి నుంచి చెబుతాను. 1836 ఆగస్టులో అగస్టస్ ఆలెన్, జాన్ ఆలెన్ అనే అన్నదమ్ములు బఫెలో బయూ, వైట్ ఓక్ బయూ అనే రెండు ఏరులు కలిసేచోట భూమి కొన్నారు. అప్పుడే యుద్ధం గెలిచి వచ్చిన సేనాని సామ్ హ్యూస్టన్ పేరు దానికి పెట్టి, స్థలాలు అమ్మబడునని పత్రికలో ప్రకటన వేయించారు. అది ఆరోగ్యకరమైన ప్రదేశమనీ, చల్లని సముద్రపు గాలి వీస్తుందనీ ఆ ప్రకటనలో వర్ణించారు. మరుసటి సంవత్సరమే ఆ ఊరు టెక్సాస్ గణతంత్రానికి రాజధాని అయింది, 1839లో ఆ హోదా పోయింది. ఆరోగ్యాన్ని ప్రకటించిన అన్నదమ్ములలో చిన్నవాడు జాన్ 1838లో అక్కడి జ్వరంతోనే మరణించాడు. ఆ మరుసటి ఏడు ఎల్లో ఫీవర్ వచ్చి ఊరిని ఊడ్చిపెట్టింది. స్థలం అమ్మేవాని మాటకూ, ఆ స్థలానికీ నడుమ ఉన్న దూరం ఈ నగరానికి పుట్టుకతోనే వచ్చిందని నా అభిప్రాయం.

బయూ అనే మాట చాక్టా అనే ఆదివాసుల భాషలోనుంచి ఫ్రెంచివారి నోట పడి వచ్చింది. చిన్న ఏరు అని దాని అర్థం. మన వాగుకు ఉండే వడి దానికి ఉండదు. నేల బల్లపరుపుగా ఉంటుంది, క్రింద బంకమన్ను. వాన పడితే నీరు ఎటు పోవాలో తోచక నిలబడుతుంది. బుడమేరును ఎరిగిన బెజవాడవారికి ఇంతకంటే వివరించనక్కరలేదు, 2024 సెప్టెంబరు తరువాత మరీ.

1929లో ఒకసారి, 1935 డిసెంబరులో మరొకసారి బఫెలో బయూ పొంగింది. రెండవసారి నగరం నడిబొడ్డున వర్తక వీథులు నీట మునిగాయి, ప్రాణనష్టం కూడ జరిగింది. అప్పటికి హ్యూస్టన్ ఓడరేవు నగరం, పత్తికీ చమురుకూ కేంద్రం. వర్తకులు కదలిరాగా 1937లో రాష్ట్ర శాసనసభ ఒక వరద నియంత్రణ సంస్థను నెలకొల్పింది. ఫెడరల్ ప్రభుత్వం పక్షాన సైన్యపు ఇంజనీర్ల దళం రంగంలోకి దిగి, ఎగువన రెండు కట్టలు పోసింది. బార్కర్ కట్ట 1945లో, ఆడిక్స్ కట్ట 1948లో పూర్తయ్యాయి. ఆడిక్స్ అనేది నిజానికి ఒక ఊరి పేరు. జర్మనీ నుంచి వచ్చిన రైతులు ఏర్పరచుకొన్న పల్లె అది. చెరువు కోసం ఆ పల్లెను ఖాళీ చేయించారు. పేరు ఒక్కటి మిగిలింది.

ఇక్కడ మన హైదరాబాదు జ్ఞాపకం రాక మానదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద నిజాం ప్రభుత్వం ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించింది. ఆలోచన ఒకటే: నగరం మీదికి వచ్చే నీటిని ఎగువనే పట్టి నిలిపి మెల్లగా వదలడం. అయితే మనవాళ్ళు ఆ నీటిని త్రాగడానికి ఉంచుకొన్నారు. నీరు కంటికి కనబడుతూ ఉన్నది కనుక అది చెరువని పసిపిల్లలకు కూడ తెలుసు. (అలా తెలిసి కూడ శిఖంలో ఇళ్ళు కట్టినవారి కథ వేరు. 2024లో హైడ్రా యంత్రాలు వచ్చేదాకా వారికి నిద్ర పట్టినట్లే ఉన్నది.) హ్యూస్టన్‌లో వరద నీటిని వదిలివేసి చెరువును ఎండబెట్టి ఉంచుతారు. వచ్చే వాన కోసం ఖాళీగా ఉంచడమే దాని ధర్మం. ఎండిన చెరువును ఎవరు గుర్తుపడతారు?

అసలు పొరపాటు 1940లలో భూసేకరణ నాడు జరిగింది. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎంతవరకు ఎగదన్నుతుందో ఇంజనీర్లకు తెలుసు. కాని అంతమేరా కొనలేదు. బార్కర్ దగ్గర సముద్రమట్టానికి సుమారు 95 అడుగుల ఎత్తువరకు, ఆడిక్స్ దగ్గర సుమారు 103 అడుగుల వరకు ఉన్న భూమినే ప్రభుత్వం తీసుకొన్నది. దానికి పైన ఉన్న శిఖమంతా ప్రైవేటు చేతులలో ఉండిపోయింది. ఆనాటి లెక్క ఏమిటంటే, ఆ పైభూములు వరిపొలాలు, పశువుల బీళ్ళు. ఎప్పుడో ఒకనాడు నాలుగు రోజులు నీరు నిలిస్తే కలిగే నష్టం కంటే కొనుగోలు ఖర్చు ఎక్కువ. ఆ లెక్కను నేను తప్పు పట్టను. ఎగువన ఉన్నవాడు రైతు అయినంతకాలం అది సరిపోయే లెక్కే. కేటీ అనే ఊరు ఒకప్పుడు వరిపంటకు ప్రసిద్ధి. ఇప్పటికీ పాత ధాన్యపు గోదాముల ఆనవాళ్ళు అక్కడ కనిపిస్తాయి. గట్లు వేసి నీరు పెట్టే వరిమడికి నాలుగు రోజుల ముంపు పెద్ద వింత కాదు.

రైతు పోయి రియల్ ఎస్టేటు వర్తకుడు వచ్చినప్పుడు ఆ లెక్కను తిరిగి వేయాలి కదా! ఎవరూ వేయలేదు. నగరం పడమటికి పెరిగింది. పదవ నంబరు అంతర్రాష్ట్ర రహదారిని ఈ శతాబ్ది మొదటి దశకంలో విస్తరించారు. మంచి బడులు వచ్చాయి, వాటి వెంట మనవాళ్ళు వచ్చారు. ఏ స్థలంలో ఏమి కట్టవచ్చునో నిర్ణయించే జోనింగ్ నిబంధనలను హ్యూస్టన్ ఓటర్లు 1948లో, 1962లో, 1993లో మూడుమార్లు త్రోసిపుచ్చారు. అది తమ స్వాతంత్ర్యానికి గుర్తుగా చెప్పుకొంటారు. జోనింగ్ ఉన్నంత మాత్రాన వరద ఆగదన్నది నిజమే. కాని ఈ భూమి నీటిది అని చెప్పే అధికారి ఒక్కడైనా ఉండేవాడేమో. మరొకవైపు దిగువన భూగర్భజలం, చమురు విపరీతంగా తోడడం చేత నేలే క్రుంగిపోయింది. బేటౌన్‌లో బ్రౌన్‌వుడ్ అనే సంపన్నుల కాలనీ అడుగుల కొద్దీ దిగబడి, 1983 అలీషియా తుఫానుతో నివాసయోగ్యం కాకుండా పోయింది. ఇప్పుడక్కడ పక్షులను చూడడానికి వెళతారు. అంత స్పష్టమైన పాఠం ఒకే జిల్లాలో తూర్పున జరుగుతూ ఉండగా పడమటన చెరువులో ఇళ్ళు లేచాయి.

ఎవరూ చెప్పలేదా? చెప్పారు, చిన్న అక్షరాలలో. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని స్థలాల నక్షాల మీద ఒక వాక్యం అచ్చువేశారు: ఈ స్థలాలు బార్కర్ జలాశయానికి ఆనుకొని ఉన్నవి, సైన్యపు ఇంజనీర్ల నిర్వహణలో దీర్ఘకాలపు నియంత్రిత ముంపునకు లోబడి ఉన్నవి అని దాని తాత్పర్యం. నలభై ఏళ్ళు వ్యాకరణం చెప్పినవాడిని కనుక ఈ వాక్యాన్ని విడదీసి చూడకుండా ఉండలేను. ముంపు అనేది విశేష్యం. నియంత్రిత అనేది విశేషణం. ఈ వాక్యంలో విశేషణం విశేష్యాన్ని మింగేసింది. చదివినవానికి ఎవరో అదుపు చేస్తారులే అనే ధైర్యమే మిగులుతుంది గాని, నా ఇంటిలోకి నీరు వదులుతారు అనే భయం కలుగదు. పైగా ఆ నక్షా కౌంటీ కార్యాలయంలో ఉంటుంది. ఇల్లు కొనేవాడు చూసేది వంటగదిలోని గ్రానైటు బల్లను. మీ ఇల్లు చెరువులో ఉన్నది అని నాలుగు మాటలు వ్రాస్తే ఆ ఇళ్ళు ఆ ధరకు అమ్ముడయ్యేవి కావు. అందుకే వ్రాయలేదని నేననుకొంటున్నాను.

2017 ఆగస్టు 25న హార్వీ తుఫాను టెక్సాస్ తీరాన్ని తాకి, కదలక మెదలక హ్యూస్టన్ ప్రాంతం మీద కూర్చున్నది. నగరానికి తూర్పున సీడర్ బయూ దగ్గర 51.88 అంగుళాలు, మరింత తూర్పున నెదర్లాండ్ అనే ఊరిలో 60.58 అంగుళాల వాన నమోదయింది. హైదరాబాదులో ఏడాది మొత్తానికి కురిసే సగటు వాన ముప్పై రెండు అంగుళాలకు మించదు. బార్కర్‌లో నీరు 101.6 అడుగులకు, ఆడిక్స్‌లో 109.1 అడుగులకు చేరింది. ప్రభుత్వం కొన్న హద్దును దాటి ఆరేసి అడుగులన్నమాట. ఎగువన వేల ఇళ్ళలోకి చెరువు వచ్చింది. 28వ తేదీ అర్ధరాత్రి దాటాక కట్టలను కాపాడడం కోసం తూములు ఎత్తారు. అప్పుడు దిగువన బఫెలో బయూ ఒడ్డు ఇళ్ళు మునిగి, రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. ఆ రాత్రి తూముల దగ్గర ఉన్న ఇంజనీర్లను నేను నిందించలేను. కట్ట తెగితే నగరమే కొట్టుకుపోయేది. వారి ముందు మంచి దారి ఏదీ మిగలకుండా చేసిన ఘనత అంతకు ముందు డెబ్బై ఏళ్ళది. ఎగువ ఇళ్ళకు ఈ ముప్పు ఉన్నదని 1996లోనే స్థానిక వరద నియంత్రణ సంస్థ ఇంజనీర్లు ఒక నివేదికలో వ్రాశారు. డబ్బు లేదని దానిని పక్కన పెట్టారు.

కోర్టుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కట్టకు ఎగువన మునిగినవారి భూమిని ప్రభుత్వం నీరు నిలుపుకోవడానికి వాడుకొన్నది కనుక, అది భూసేకరణతో సమానమనీ, నష్టపరిహారం చెల్లవలసిందేననీ 2019 డిసెంబరులో ఫెడరల్ క్లెయిముల కోర్టు న్యాయమూర్తి తీర్పు చెప్పారు. దిగువవారి దావాలను అదే కోర్టులోని మరొక న్యాయమూర్తి 2020లో కొట్టివేశారు. 2022లో పై కోర్టు ఆ కొట్టివేతను రద్దు చేసింది. ఒకే వాన, ఒకే కట్ట, రెండు వైపులా రెండు న్యాయాలు. ఎగువ తీర్పు నాకు నచ్చింది. 1940లలో డబ్బు పెట్టి కొనకుండా వదిలిన శిఖాన్ని 2017లో ఉచితంగా వాడుకోకూడదని దాని సారం.

ఇంకొక మాటను గూర్చి కూడ చెప్పాలి. వందేళ్ళ వరద అంటారు. విన్నవాడు ఒకసారి వస్తే మళ్ళీ నూరేళ్ళదాకా రాదనుకొంటాడు. మనకు నూరేళ్ళు అనేది ఆశీర్వచనం కూడ. దాని అసలు అర్థం, ఏ ఏడాదిలోనైనా నూటికి ఒక వంతు అవకాశం ఉన్నదని. ముప్పై ఏళ్ళ బ్యాంకు అప్పు తీర్చేలోగా అది ఒక్కసారైనా రావడానికి ఉన్న అవకాశం నూటికి ఇరవై ఆరు. హ్యూస్టన్‌లో 2015, 2016, 2017 వరుసగా మూడేళ్ళు పెద్ద వరదలు వచ్చాయి. 2018లో వాన లెక్కలను సవరించినప్పుడు, ఆ నగరంలో ఒక్క రోజులో కురిసే వందేళ్ళ వాన సుమారు 13 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది. పేరు మాత్రం అదే ఉంచారు.

ఆ ఏడాదే, హార్వీ వచ్చిన సరిగ్గా ఏడాదికి, హ్యారిస్ కౌంటీ ప్రజలు వరద పనుల కోసం 250 కోట్ల డాలర్ల ఋణపత్రాలకు పెద్ద మెజారిటీతో అంగీకరించారు. పన్ను మాట ఎత్తితే ముఖం చిట్లించే టెక్సాస్‌లో అది చిన్న విషయం కాదు. కట్టలకు కొత్త తూములు 2020 నాటికి పూర్తయ్యాయి. 2019 సెప్టెంబరు నుంచి, ఇల్లు అమ్మేవాడు ఆ స్థలం జలాశయపు ముంపు పరిధిలో ఉన్నదీ లేనిదీ వ్రాతపూర్వకంగా చెప్పాలని చట్టం వచ్చింది. మంచిదే. అయితే ఆ ప్రకటన పత్రం ఇదివరకు ఎవరైనా కాపురమున్న ఇళ్ళకే వర్తిస్తుంది; కంపెనీ కొత్తగా కట్టి అమ్మే ఇంటికి దాని నుంచి మినహాయింపు ఉన్నది. మనవాళ్ళు కొనేవి ఎక్కువగా కొత్త ఇళ్ళే.

ఆ మధ్య మా బంధువుల అబ్బాయి కేటీ దగ్గర ఇల్లు చూశానని ఫోను చేశాడు. "తూర్పు ముఖం మామయ్యా, ఈశాన్యం కూడ కొద్దిగా పెరిగింది, సిద్ధాంతిగారు సరేనన్నారు" అన్నాడు. నేల సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నదని అడిగాను. కనుక్కొని చెబుతానన్నాడు. రెండు రోజుల తరువాత మళ్ళీ ఫోను చేసి తొంభై తొమ్మిది అన్నాడు. బార్కర్ కట్టకు ఎగువనా, దిగువనా అంటే ఎగువనే అన్నాడు. వేరే ఇల్లు చూసుకోమని చెప్పాను. చూస్తున్నాడు, తూర్పు ముఖానివి తొందరగా దొరకడం లేదట.