పెరికెడ్ల బాట

క్రీ.పూ. 312లో మొదలైన రోమనుల అప్పియా బాటకు పరచిన రాళ్లే సాక్ష్యం. 2024లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సాలూరు నుండి పొట్టంగి మీదుగా కొరాపుట్, జయపురాలకు బంజారాలు ఉప్పు మోసిన కనుమదారికి అటువంటి రాళ్లు లేవు. 1936 వరకు జయపురం జమీందారీ విశాఖపట్నం జిల్లాలోనిదే. దారికి అడ్డంగా సరిహద్దు వచ్చింది తరువాతనే.

బండ్ల రోడ్లు, ఆపై 1931లో రాయగడ మీదుగా పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం ఎడ్ల బిడారులకు పని లేకుండా చేశాయి. నేడు రాయపూర్–విశాఖపట్నం ఆరు వరుసల రహదారి కొరాపుట్ కొండల గుండా వేస్తున్నారు. దానిని మేము కాదనము. అయితే రాళ్లు లేనిచోట మాటలే సాక్ష్యం. ఎద్దు వీపున ఇరువైపులా వేలాడే గోనెను తెలుగులో పెరిక అన్నాము. తెలుగు, కువి, దేశియా మాట్లాడే వృద్ధుల నోట కనుమలకు, ఊటలకు, మజిలీలకు ఉన్న పేర్లను భూమి కొలతలతోపాటే నమోదు చేయాలని మా మనవి. కొండ తొలిచాక ఆ పేరు దేనిదో చూపడం సాధ్యం కాదు.