వెనక పలక మీద కొత్త ఇంజను

జూన్ మొదటివారం. విశాఖపట్నం పెద జాలారిపేట ఒడ్డున ఎనిమిదింటికే ఇసుక కాలుతోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా ఇంజను బోట్లకు వేట నిషేధం. ఫైబర్ తెప్పలన్నీ ఒడ్డెక్కి ఉన్నాయి. వాటి నీడలో కూర్చుని కొందరు వలలు బాగుచేసుకుంటున్నారు. మీరు మేడ్చల్ దగ్గరి రావల్కోల్ నుంచి వచ్చారు. మీ వైపు చెరువుల్లో చేపలు పట్టే తెప్పకు ఇంజనుతో పని లేదు. తెడ్డు చాలు, ఎంత లోపలికి వెళ్లినా గట్టు కనబడుతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం ఒడ్డు కనుమరుగయ్యేంత దూరం పోయినవాళ్లను ఇంటికి చేర్చేది అమరాన, అంటే బోటు వెనక, తగిలించిన ఆ ఒక్క యంత్రమే. ఇవాళ దాన్ని దించుతున్నారు.

పాతది రెండు స్ట్రోకుల ఇంజను, 8 హార్స్‌పవర్. ఉప్పు పేరుకుని లోపలి నీటి దారులు సగం మూసుకుపోయాయి. తాడు ఎంత లాగినా ఒక పట్టాన అందుకోదు. ఇంజను మేస్త్రీ మొదట పెట్రోలు గొట్టం ఊడదీసి, ట్యాంకును దూరంగా పెట్టించాడు. తర్వాత బోటు వెనక పలకను పట్టుకుని ఉన్న రెండు బిగింపు మరల మీద చెయ్యి వేశాడు. కదలవు. అల్యూమినియం, స్టీలు ఒకదానికొకటి ఆనుకుని ఏళ్ల తరబడి ఉప్పునీట్లో తడిస్తే అల్యూమినియం తరిగిపోతుంది, తెల్లటి పొడి గట్టిపడి మర బిగుసుకుంటుంది. తుప్పు వదిలించే నూనె కొట్టి, సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. మీకు తొందరగా ఉంది. ఆయనకు లేదు.

తిరిగొచ్చాక మర కిర్రుమంటూ తిరిగింది. ఇద్దరు కుర్రాళ్లు చెరోవైపు పట్టి ఇంజను దించారు. దాదాపు 27 కిలోల బరువు. పక్కనే ఇంకా పూర్తిగా విప్పని అట్టపెట్టెలో కొత్తది, 9.9 హార్స్‌పవర్, నాలుగు స్ట్రోకులది, 40 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. దాన్ని ఎలాపడితే అలా పడుకోబెట్టకూడదు. ఏ పక్కకు పడుకోబెట్టాలో కవరు మీద గుర్తు ఉంటుంది. రెండో పక్కకు వాలిస్తే అడుగునున్న ఆయిలు సిలిండర్లోకి పోతుంది. పాత ఇంజనుకు 50 లీటర్ల పెట్రోలుకు ఒక లీటరు చొప్పున ఆయిలు కలిపి పోసేవాళ్లు. దీనికి ఆయిలు విడిగా ఉంటుంది, పెట్రోల్లో కలపకూడదు. చేతికి అలవాటైన పని మానుకోవడం కష్టం. అందుకే బోటు యజమాని కొడుకు పాత కొలత సీసాను అప్పుడే ఇంటికి పంపించేశాడు.

ఇంజను మార్చడమంటే పాతది దించి కొత్తది తగిలించడమే అనుకుంటాం. అసలు పని ఈ రెంటికీ మధ్యన ఉంది. మేస్త్రీ సుత్తి తిరగేసి పిడితో వెనక పలకను ఒక చివరి నుంచి కొట్టుకుంటూ వస్తున్నాడు. టక్, టక్, టక్. మధ్యకు వచ్చేసరికి చప్పుడు మారింది. డొబ్, డొబ్.

"ఇనబడ్డాదా?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

అందరికీ వినబడింది. చిన్న డ్రిల్లుతో అక్కడ ఒక బెజ్జం వేశాడు. ముందు తెల్లటి ఫైబరు పొడి రాలింది. ఆ తర్వాత రావాల్సింది పొడి చెక్క పొట్టు. వచ్చింది మాత్రం నల్లటి తడి ముద్ద. మీ అరచేతిలో వేశాడు. నలిపితే నీళ్లు కారాయి, పుట్టగొడుగుల వాసన వేసింది. ఈ బోట్లకు పైకి కనబడేది ఫైబరు, పలక లోపల ఉండేది ప్లైవుడ్. ఎప్పుడో వేసిన బోల్టు బెజ్జాల్లో మందు సరిగా నింపకపోతే నీరు చుక్కచుక్కగా దిగి చెక్కను తినేస్తుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

"నిషేధం ఎత్తేత్తారు మావా, ఇంకెన్నాళ్లుంది? రెండు బోల్టులు ఎక్కువేసి బిగించేద్దాం," అన్నాడు కొడుకు.

"బోల్టు దేన్ని పట్టుకుంటాదిరా? సెక్కని. ఆ సెక్కే లేదు."

తండ్రి కాసేపు పలక వైపు చూస్తూ ఉండిపోయాడు. "కోసెయ్ బావా," అన్నాడు చివరికి.

ఆ ఒక్క మాటకు ఎంత ఖర్చో నాకు తెలుసు. కొత్త ఇంజనుకు చేసిన అప్పు మీద ఇది ఇంకో అప్పు. అయినా ఇదే సరైన మాటని గట్టిగా చెబుతాను. పాతదానికంటే పన్నెండు, పదమూడు కిలోలు బరువెక్కువ, తోపు ఎక్కువ ఉన్న యంత్రాన్ని పుచ్చిన పలకకు తగిలిస్తే, కెరటం ఎత్తి కుదేసినప్పుడు ఆ అదురంతా పలకే మోయాలి. అది చీలితే ఇంజనుతో పాటు వెనక గోడే పోతుంది, సముద్రం లోపలికి వస్తుంది.

లోపలివైపు ఫైబరు పొర కోసి, కుళ్లిన చెక్కంతా ఉలితో గీకి తీశారు. మిగిలినదాన్ని ఎండకు వదిలేశారు. తడి మీద రెసిన్ పట్టదు. ఆరాక మెరైన్ ప్లైవుడ్ కోసి కూర్చి, గ్లాసు మ్యాట్ పొర మీద పొర వేసి, గట్టిపడే మందు కలిపిన రెసిన్ బ్రష్షుతో అద్దారు. గాలి బుడగ కనబడిన చోటల్లా మేస్త్రీ మళ్లీ మళ్లీ అద్దించాడు. కొన్ని రోజులు అక్కడ ఇంకే పనీ జరగలేదు.

తర్వాత ఎత్తు చూడటం. ఇంజనులో నీట్లోకి దిగే భాగమే కాలు. పొట్టి కాలు ఇంజన్లు 15 అంగుళాల పలకకు, పొడుగు కాలువి 20 అంగుళాల పలకకు సరిపోయేలా చేస్తారు. నీట్లో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లర్) మీద అడ్డంగా ఒక పళ్లెం ఉంటుంది. అది బోటు అడుగుకు సమానంగానో, ఒక వేలు కిందికో రావాలి. పైకి ఉంటే ఫ్యాను గాలి పీల్చుకుంటుంది, ఇంజను అరుస్తుంది కానీ బోటు కదలదు. మరీ కిందికి ఉంటే నీటిని ఈడ్చుకుంటూ పెట్రోలు తాగేస్తుంది. మేస్త్రీ బోటు అడుగున ఒక తిన్నని కర్ర ఆనించి, ఒంటి మోకాలి మీద కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. మళ్లీ చూశాడు. అప్పుడే బెజ్జాలు వేశాడు. ప్రతి బెజ్జంలో సీలెంట్ నింపి, స్టెయిన్‌లెస్ బోల్టులు అవతలికంటా దూర్చి, వెడల్పాటి వాషర్లు వేసి బిగించాడు. చేత్తో తిప్పే మరలను మాత్రమే నమ్ముకోలేదు. పైనుంచి ఒక గొలుసు కూడా కట్టాడు.

ఇలా వెనక తగిలించి చేత్తో తిప్పే ఇంజనును 1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్రూడ్ అమ్మకానికి పెట్టాడు. రేవు లేని మన తీరానికి అది బాగా అతికింది. ఒడ్డు తగలగానే ఇంజను కాలు పైకెత్తేయొచ్చు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్.ఏ.ఓ.) వారి బంగాళాఖాతం కార్యక్రమం కెరటాల్లోంచి నేరుగా ఇసుక మీదికి వచ్చే బోట్ల కోసం పనిచేసింది కూడా రేవు లేని ఈ ఇబ్బంది వల్లనే.

కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు నింపి ఇంజను కాలు అందులోకి దించారు. గేరు న్యూట్రల్లో ఉంది. కొడుకు తాడు లాగాడు. రెండోసారికే అందుకుంది. ఎవరూ చప్పుడు వినడం లేదు, అందరి కళ్లూ పక్కనున్న చిన్న రంధ్రం మీదే. సన్నటి నీటిధార చిమ్మింది. మేస్త్రీ మీ చెయ్యి పట్టుకుని దాని కింద పెట్టాడు. కొద్దిసేపటికి వెచ్చబడింది. లోపలి పంపు నీటిని తోడి ఇంజను చుట్టూ తిప్పుతోందని దానర్థం. ఆ ధార ఆగితే నిమిషాల్లో ఇంజను పట్టేస్తుంది. సముద్రంలో మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడాల్సింది దాన్నే.

ఎర్రటి తాడు ఒకటి మిగిలింది. ఒక కొస ఇంజను మీటకు, రెండోది నడిపేవాడి మణికట్టుకు. మనిషి నీట్లో పడితే తాడు ఊడి ఇంజను ఆగుతుంది. చాలామంది దాన్ని మేకుకు తగిలించేస్తారు. తిరుగుతున్న ఫ్యానుతో బోటు గుండ్రంగా తిరిగి పడినవాడి మీదికే వస్తుందని తెలిసీ తగిలించేస్తారు. దయచేసి కట్టుకోండి. తండ్రి కొడుకు చేతికి కట్టి ముడి లాగి చూశాడు.

నిషేధం ముగిసింది. ఇంజను కాలు పైకెత్తి, బోటును కెరటాల్లోకి తోశారు. నీళ్లు నడుముదాకా వచ్చాక కాలు దించి, ఒక కెరటానికీ ఇంకోదానికీ మధ్య సందు చూసి తాడు లాగారు. కొత్త ఇంజనుకు మొదటి 10 గంటలు మెల్లగా నడవడం నేర్పాలి, అందులో మొదటి గంట సగం పవరు దాటకూడదు. తర్వాత వలలు, మనుషులు, ఐసు అన్నీ ఎక్కించి పూర్తిగా తిప్పి చూస్తారు. పుస్తకంలో రాసినన్ని చుట్లు అందుకోకపోతే ఫ్యాను రెక్కల వాలు ఎక్కువైనట్టు, తక్కువ వాలుది వేయాలి. 20 గంటలకు ఇంజను ఆయిలు, గేరు ఆయిలు మార్చాలి. ఆ రోజే స్పానరు పెట్టి వెనక పలక బోల్టులన్నీ ఇంకోసారి బిగించాలి, పిడితో పలక మళ్లీ కొట్టి చూడాలి.