నెల్లూరు నేలలో రోము బంగారము

కైసరు ఔగుస్తు, తిబెరి కైసరు అను పేర్లు మనలో చాలామందికి బైబిలు ద్వారా తెలిసినవే. ఆ చక్రవర్తులు ఏలిన రాజ్యము ఎక్కడనో పడమటి సముద్రము ఒడ్డున ఉండినదనియు, మన నెల్లూరు సీమకు దానితో ఏ సంబంధమును లేదనియు సాధారణముగా అనుకొందుము. కాని 1786లో నెల్లూరు సమీపమున ఒక రైతు నాగటి చాలులో బయటపడిన బంగారము వేరొక కథ చెప్పుచున్నది.

నాగలికి తగిలిన నిధి

ఆ రైతు పొలము దున్నుచుండగా నాగలికి ఇటుకల కట్టడమొకటి అడ్డుపడినది. త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలములు, వాటి క్రింద ఒక చిన్న కుండ, ఆ కుండలో రోమను నాణెములు కనబడినవి. రైతు వాటిని పాత బంగారముగా అమ్మివేసినాడు. అనేకము మూసలో కరిగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడైన అమీరుల్ ఉమరా ప్రయత్నము వలన ముప్పదికి పైగా మాత్రము దక్కినవి.

మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిని చూచి, హాడ్రియన్ నాణెమొకటి, ఫాస్టినా నాణెమొకటి తనకై ఎంచుకొని, ఈ వృత్తాంతమును 1787లో లేఖగా వ్రాసినాడు. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వారి 'ఏషియాటిక్ రీసెర్చెస్' రెండవ సంపుటములో అచ్చయినది. వాటిలో ట్రాజన్ నాణెములు కూడ ఉండినవి. కొన్ని నిన్ననే అచ్చుకొట్టినట్లు మెరయుచుండెననియు, కొన్ని అరిగి, రంధ్రములు పడి, ఆభరణములుగా ధరించిన గుర్తులతో ఉండెననియు ఆయన తెలిపినాడు. మన స్త్రీల కాసులపేరు ఇక్కడ జ్ఞాపకము రాక మానదు.

మూడు ముఖములు

ఈ మూడు ముఖములలో రోము రాజకీయ చరిత్ర కొంత ఇమిడియున్నది. క్రీ.పూ. 509లో రాజును వెళ్లగొట్టిరని చెప్పుకొను రోమనులకు 'రాజు' అను మాటయే గిట్టదు. ఏటేట ఎన్నుకొనబడు ఇద్దరు కాన్సులులు, పెద్దల సభయైన సెనేటు పరిపాలన సాగించిరి. అంతర్యుద్ధములతో అలసిన దేశమును క్రీ.పూ. 27లో ఔగుస్తు తన చేతిలోనికి తీసికొన్నను, సెనేటును రద్దు చేయలేదు. పేరు ప్రజాపాలన, అధికారము ఒక్కనిది.

అధికారము రక్తసంబంధమును బట్టి పోయినప్పుడు నీరో వంటివారును పుట్టిరి. 96లో డొమీషియన్ హత్యకు గురి కాగా, తరువాత వచ్చిన నెర్వా సంతానహీనుడగుటచే 97లో సేనాని ట్రాజన్‌ను దత్తత తీసికొన్నాడు. దత్తత మన జమీందారీలలోను ఉండినదే. కాని ట్రాజన్ ఇటలీలో గాక స్పెయిను దేశమున పుట్టినవాడు. ఇటలీ వెలుపలి కుటుంబమునకు చెందినవాడు సింహాసనమెక్కుట అదే మొదలు. హాడ్రియన్, అతని తరువాత ఆంటొనైనస్ కూడ దత్తతతోనే వచ్చిరి. మార్కస్ అరీలియస్‌కు కుమారుడుండుటచే 180లో ఆ వరుస ఆగిపోయినది.

ఫాస్టినా అను పేరు ఆంటొనైనస్ భార్యకును, మార్కస్ అరీలియస్‌ను పెండ్లాడిన ఆమె కుమార్తెకును కలదు. రోమను స్త్రీకి ఓటు లేదు, ఉద్యోగము లేదు. అయినను చక్రవర్తి భార్య ముఖము బంగారు నాణెముపై అచ్చయినది. తల్లి ఫాస్టినా పేర పేద బాలికల పోషణకు ఆంటొనైనస్ నిధి ఏర్పరచినాడు. ఇటలీలోని పేద పిల్లల కొరకు ట్రాజన్ కాలముననే అట్టి ఏర్పాటు ఉండినది. ఇదే ట్రాజన్ డేసియా దేశమును జయించి అచటి బంగారు గనులను వశపరచుకొన్నాడు. క్రైస్తవులను వెదకి పట్టవద్దనియు, పేరులేని ఫిర్యాదులను స్వీకరింపవద్దనియు, నేరము రుజువై మతమును విడువనివారిని మాత్రము శిక్షింపవలెననియు ప్లినీ అను అధికారికి ఉత్తరువిచ్చినదియు ఇతడే. దయయు కాఠిన్యమును ఒకే చేతిలో ఉండినవి.

ఒక నాణెము వెల

ఆ కాలమున రోమను సైనికుని జీతము ఏడాదికి 300 దెనారీలు, అనగా 12 బంగారు నాణెములు. మన రైతు కుండలోని ఒక్కొక్క నాణెము ఒక సైనికుని నెల జీతమన్నమాట. దక్కిన ముప్పది నాణెములే రెండున్నర ఏండ్ల కూలి.

అంత బంగారము ఇక్కడికేల వచ్చినది? మిరియములు, ముత్యములు, సన్నని వస్త్రముల కొరకు. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడొకడు వ్రాసిన 'పెరిప్లస్' మన తూర్పు తీరమున మసాలియా అను ప్రాంతమున నేసిన వస్త్రములను పేర్కొన్నది. ఏటేట 5 కోట్ల సెస్టర్స్‌లు భారతదేశమునకు పోవుచున్నవని పెద్ద ప్లినీ వాపోయినాడు. నూరు సెస్టర్స్‌లు ఒక బంగారు నాణెము గనుక అది 5 లక్షల నాణెములు. అయితే దిగుమతులపై నాలుగవ వంతు సుంకము ప్రభుత్వమునకు చేరెడిది గనుక, ఖజానాకు నష్టము మాత్రమే అనుటకు వీలు లేదు. రోమను 'దెనారియస్' అను పేరే మన దేశమున దీనారమై, నాగార్జునకొండ శాసనమున దానధర్మముల లెక్కలో చోటు చేసికొన్నది.

మనము నేర్వవలసినది

కుండలోని నాణెములన్నియు దక్కియుండిన, వాటిలో చివరి నాణెమును బట్టి అవి ఏ కాలము తరువాత పాతిపెట్టబడినవో తెలిసెడిది. ఎన్ని క్రొత్తవి, ఎన్ని అరిగినవి అని లెక్కించి వాటి రాకపోకలను ఊహింపగలిగెడివారము. మూసలో కరిగినది బంగారము కాదు, ఆ సాక్ష్యము. రైతును నిందింపరాదు, ఆనాడు అతనికి చెప్పిన వారెవరు? నిక్షేపముల చట్టము వచ్చినది 1878లో. దాని ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరికినవారు కలెక్టరుకు వ్రాతమూలముగా తెలుపవలెను. ప్రభుత్వము తీసికొనినచో లోహపు వెలకు అయిదవ వంతు చేర్చి ఇచ్చును. నిజము చెప్పినవానికి నష్టము లేదు.

పెన్న ఒడ్డున ఇంకను నాగళ్లు, ట్రాక్టర్లు తిరుగుచున్నవి. పాత ఇటుక, పాత కాసు కనబడినప్పుడు కంసాలి కంటె ముందు చదువుకొన్నవానికి చూపుడని మన పిల్లలకు, మన పొరుగు రైతులకు చెప్పుదము.