హంతకుడెవరో తెలియని నవల

నేను ఏడో తరగతిలో చదివిన ఒక డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో నాకిప్పటికీ తెలీదు. అనకాపల్లిలో అద్దె పుస్తకాల బడ్డీ నుంచి పావలాకి తెచ్చుకుని, లెక్కల పుస్తకం మధ్యలో పెట్టి చదువుతుంటే మాస్టారు పట్టుకున్నారు. నిలువునా చింపి కిటికీలోంచి పారేశారు. అట్ట అంతకుముందే పోవడంతో పేరు కూడా తెలీదు. బడ్డీ ఆయనకి డబ్బు కట్టడానికి ఇంట్లో చెప్పిన అబద్ధం మాత్రం బాగా గుర్తు.

మొన్న సంక్రాంతికి వచ్చిన మేనకోడలికి పదకొండేళ్ళు. చేతిలో ఎనిడ్ బ్లైటన్. "తెలుగులో ఇలాంటివి లేవా మావయ్యా?" అంది. వెంటనే "ఎందుకు లేవూ" అనేశాను. ఆలోచిస్తే, ఆ వయసుకి ఇవ్వదగ్గ పుస్తకం ఒక్కటీ చప్పున తట్టలేదు.

డిటెక్టివ్ మనకి కొత్తవాడు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లోనే పాంచ్‌కడీ దే బెంగాలీ అపరాధ పరిశోధక నవలలు తెలుగులోకి వచ్చాయి. 1950ల చివర్లో కొమ్మూరి సాంబశివరావు (1926–1994) డిటెక్టివ్ యుగంధర్‌నీ అసిస్టెంటు రాజునీ ఇంటింటికీ తెచ్చారు. ఆరుద్ర అంతటివాడు కూడా డిటెక్టివ్ నవలలు రాశాడు. తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. కానీ ఇవన్నీ పెద్దవాళ్ళ కోసం రాసినవి. మేం దొంగతనంగా చదివాం, అంతే.

పిల్లల కోసం చందమామ ఉండేది. 1947 జులైలో మొదలైంది. 1952 నుంచి 1980 దాకా దాన్ని కొడవటిగంటి కుటుంబరావు నడిపించారు. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'రాకాసిలోయ' లాంటి సీరియల్స్‌తో నెల రోజులపాటు మా ఊపిరి బిగపట్టించారు. బేతాళ కథలైతే అసలు పరిశోధనకి ఓనమాలే. సాక్ష్యాలన్నీ మన ముందు పెట్టి, తప్పెవరిదో చెప్పమంటాడు బేతాళుడు. కాకపోతే అక్కడి లోకం రాజులదీ మాంత్రికులదీ. పక్కవీధిలో పోయిన సైకిల్ గురించి ఆరా తీసే పిల్ల అందులో ఉండదు.

అంటే చందమామకీ యుగంధర్‌కీ మధ్య ఒక మెట్టు లేదు. బెంగాల్లో ఆ మెట్టు కట్టినవాడు సత్యజిత్ రాయ్. తాతగారు 1913లో పెట్టి, తర్వాత ఆగిపోయిన 'సందేశ్' పిల్లల పత్రికని 1961లో మళ్ళీ మొదలుపెట్టాడు. 1965లో అందులోనే ఫెలూదాని పుట్టించాడు. ఆ కథలు చెప్పేది ఫెలూదా వెంట తిరిగే కుర్రాడు తోప్షే. చదివే పిల్లాడికి కథలో తన చోటు తనకి దొరికింది. ప్రపంచమంతా పేరున్న దర్శకుడు పిల్లల మిస్టరీ రాయడం చిన్నతనమనుకోలేదు. మన దగ్గర ఆ చదువుకి 'చెత్త పుస్తకాలు' అని పేరు.

ఆ చెత్తే నన్ను రావిశాస్త్రి దాకా తీసుకెళ్ళింది. మా ఊరి పక్క తుమ్మపాల ఆయన స్వగ్రామం. వృత్తికి లాయరు. పోలీసులూ కోర్టులూ సారా కేసులూ ఆయన కథల నిండా ఉంటాయి. చంపిందెవరు అని అడగడం యుగంధర్ దగ్గర నేర్చుకున్నాను కాబట్టే, అసలు నేరం ఎవరిది అని రావిశాస్త్రి అడిగినప్పుడు ఉలిక్కిపడ్డాను. రెండో ప్రశ్న రుచి తెలియాలంటే మొదటిది అడగడం అలవాటై ఉండాలి.

ఇప్పుడు అద్దె బడ్డీల్లేవు, చందమామా లేదు. పిల్లలు ఇంగ్లీషులో చదువుతున్నారు, సంతోషమే. నా భయమల్లా ఒకటే. ఉత్కంఠ అంతా ఇంగ్లీషులోనే దొరికితే, తెలుగు వాళ్ళకి పద్యం అప్పజెప్పే భాషగానే మిగిలిపోతుంది.

కనుమ మర్నాడు మేనకోడల్ని ఊరికి కూతవేటు దూరంలో ఉన్న బొజ్జన్నకొండకి తీసుకెళ్ళాను. రాతిలో తొలిచిన గుహలూ స్తూపాలూ చూపించాను. ఇక్కడున్నది రాక్షసుడి బొజ్జ అనుకుని కనుమ నాడు జనం రాళ్ళు విసిరేవారని చెప్పాను.

"అది రాక్షసుడిది కాదని ఎలా తెలిసింది మరి?"

"ఊరి పేరు చూడు. సంకరం. సంఘారామం అన్న మాట అరిగి అలా అయిందంటారు. అంటే బౌద్ధ భిక్షువులుండే చోటు. అది మొదటి ఆధారం."

1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ అనే ఆయన ఇక్కడ తవ్వించాడనీ, సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికిందనీ చెప్పి ఆగాను. గంగ ఒడ్డు రాజు నాణెం శారదా నది ఒడ్డుకి ఎలా వచ్చింది? జవాబు నేను చెప్పలేదు. బేతాళుడిలా ప్రశ్న దగ్గరే ఆపేశాను.

ఇంటికొచ్చాక నోట్‌బుక్ తీసి తెలుగులోనే రాసింది: "అనుమానితులు ముగ్గురు. వ్యాపారి, సన్యాసి, దొంగ." రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. నేను దిద్దలేదు.