జయంతి ఉద్యోగం: యద్దనపూడి సులోచనారాణి నవలా ప్రస్థానం

తెలుగు పత్రికల చరిత్రలో 1960 తర్వాతి ఇరవై ఏళ్లు రచయిత్రులవి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ఆంధ్రప్రభ వారపత్రిక పోటీలో బహుమతి గెలిచి, 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ చిత్రంగా తెర మీదికి వచ్చింది. రంగనాయకమ్మ, లత, మాలతీ చందూర్, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి, మాదిరెడ్డి సులోచన ఎవరి దారిలో వారు నడిచారు. ఆడపేరు ఉంటేనే సీరియల్ నిలుస్తుందని నమ్మి స్త్రీల పేర్లు పెట్టుకున్న మగ రచయితలూ ఆ కాలంలో ఉన్నారు. వీరందరిలో పాఠకుల అభిమానం అత్యధికంగా దక్కింది యద్దనపూడి సులోచనారాణికి. జనం ఆమెను నవలారాణి అన్నారు. విమర్శ మాత్రం, కలలు అమ్ముతున్నదని ఆమెను పక్కన పెట్టింది. ఆ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం.

ఆమె 1940లో కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కాజ గ్రామంలో పుట్టారు. క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుడి ఊరు, కూచిపూడి, రెండూ ఆ చుట్టుపక్కలవే. తొలి కథ ‘చిత్ర నళినీయం’ ఆంధ్ర పత్రికలో వెలువడింది. పెళ్లి తర్వాత హైదరాబాదులో స్థిరపడ్డారు. పల్లెటూరి పెద్ద కుటుంబాల తీరు, రాజధాని నగరపు ఆఫీసుల తీరు రెండూ ఆమె నవలల్లో పక్కపక్కన కనిపించడానికి ఈ ప్రయాణం ఒక కారణం కావచ్చు.

పేరు తెచ్చింది ‘సెక్రటరీ’. 1960ల మధ్యలో, అప్పుడప్పుడే మొదలైన ‘జ్యోతి’ మాసపత్రికలో అది సీరియల్‌గా నడిచింది. మధ్యతరగతి అమ్మాయి జయంతి ఉద్యోగంలో చేరుతుంది. ఆమె యజమాని రాజశేఖరం సంపన్నుడు, అందగాడు. అతని చుట్టూ తిరిగే స్త్రీలను చూసి జయంతి అతన్ని నమ్మదు. ఇష్టం ఉన్నా తలవంచదు. ఈ కథ గురించి మాట్లాడినవారు దాదాపు అందరూ రాజశేఖరం దగ్గరే ఆగిపోయారు: ఆరడుగుల మనిషి, పెద్ద కారు, తరగని డబ్బు. నిజానికి నవల నడక అంతా జయంతి మనసును బట్టి సాగుతుంది. ఆమెకు జీతం కావాలి, దాని కోసం మర్యాద వదులుకోవడం మాత్రం కుదరదు. ఇంటి గడప దాటి పరాయి మగవాళ్ల మధ్య పనిచేస్తున్న తొలి తరం అమ్మాయిలకు ఇది కలలోని సమస్య కాదు, రోజూ ఎదురయ్యే సమస్యే. యజమానికి ఎంత దగ్గరగా మసలవచ్చు, ఎక్కడ ఆగాలి, లోకం ఏమంటుంది అన్న ప్రశ్నలకు అప్పటి తెలుగు కుటుంబాల్లో సిద్ధంగా ఉన్న జవాబులు లేవు. సులోచనారాణి ఆ ప్రశ్నలను ప్రేమకథలో పెట్టి నెలనెలా అడిగారు.

ఆ ‘నెలనెలా’ అన్నదాన్ని చరిత్రకారులు పట్టించుకోవాలి. సీరియల్ రచనకు దానిదైన శిల్పం ఉంటుంది. విడత ముగిసేచోట ఒక అపార్థమో, చెప్పకుండా దాచిన మాటో, అందని ఉత్తరమో మిగలాలి. ఆమె కథల్లో నాయికా నాయకులు ఒకరినొకరు పదేపదే తప్పుగా అర్థం చేసుకోవడం, ఒక్క దమ్మున పుస్తకం చదివేవారికి సాగదీతగా తోస్తుంది. నెల రోజులు ఎదురుచూసిన పాఠకురాలికి అదే ప్రాణం. 1961 జనగణన నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదువు వచ్చిన స్త్రీలు నూటికి పన్నెండు మందే. అయినా ఒక్క పత్రిక వీధంతా తిరిగేది. సీరియల్ కాగితాలు చించి, వరుసగా కుట్టి, బైండు చేయించి దాచుకున్న ఇళ్లు ఎన్నో. ఆ తర్వాత పాకెట్ పుస్తకాలు వచ్చాయి, అద్దెకు పుస్తకాలిచ్చే దుకాణాలు వచ్చాయి. నవల కొనలేనివారికీ అందింది.

పత్రిక, పుస్తకం తర్వాత మూడో మెట్టు సినిమా. 1973లో ఆమె నవలల ఆధారంగా రెండు చిత్రాలు వచ్చాయి. ‘మీనా’ విజయనిర్మల దర్శకత్వం వహించిన తొలి తెలుగు చిత్రం. ‘జీవన తరంగాలు’ రామానాయుడు నిర్మాణంలో, తాతినేని రామారావు దర్శకత్వంలో, ఆత్రేయ మాటలతో తయారైంది. 1976లో ‘సెక్రటరీ’ని కె.ఎస్. ప్రకాశరావు తీశారు. అక్కినేని నాగేశ్వరరావు రాజశేఖరంగా, వాణిశ్రీ జయంతిగా నటించారు. నవల చదివి అప్పటికే మనసులో బొమ్మ గీసుకున్న పాఠకులను తృప్తిపరచడం ఏ నటుడికైనా కష్టమే. అయినా ఆమె నవలలకు నిర్మాతల ఆదరణ తగ్గలేదు.

‘మీనా’ గురించి ఇంకొంచెం చెప్పాలి. సులోచనారాణి నాయకుడంటే శ్రీమంతుడేనన్న వాదనకు ఈ నవలే జవాబు. ఇందులో డబ్బు నాయిక వైపు ఉంది. తల్లి కట్టుదిట్టాల మధ్య పట్నంలో పెరిగిన మీనా బంధువుల పల్లెకు వెళ్లి, వ్యవసాయం చేసుకునే కృష్ణను ఇష్టపడుతుంది. నాకు ఇందులో బలమైన పాత్ర తల్లి కృష్ణవేణి అనిపిస్తుంది. ఆమె పెత్తనాన్ని రచయిత్రి సమర్థించలేదు. అయితే ఆ తల్లి కేవలం విలనూ కాదు.

ఆమె రచనలకు పరిమితులు లేవని కాదు. కులం, కూలి, రాజకీయం ఆ కథా ప్రపంచంలోకి దాదాపు రావు. అదే కాలంలో శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటంతో రగులుతోంది, విప్లవ సాహిత్యం పుడుతోంది. నాయిక ఆత్మాభిమానం చివరకు పెళ్లిపీటల మీదే సేదదీరుతుంది. రంగనాయకమ్మలా కుటుంబ వ్యవస్థనే నిలదీసే పని ఆమె పెట్టుకోలేదు. ఈ లోపాలను ఒప్పుకున్న తర్వాత కూడా, చదవడం అప్పుడే నేర్చిన వేలాది స్త్రీలకు నవలను నిత్యావసరం చేసిన ఘనత మిగులుతుంది.

1980ల మొదట్లో గాలి మారింది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కొత్త పాఠకులను, వారిలో మగవారిని కూడా, పెద్ద ఎత్తున సీరియల్ వైపు లాగింది. క్షుద్రశక్తులు, నేరపరిశోధన కథలకు మూలసరుకయ్యాయి. కుటుంబ నవల పత్రికల్లో వెనక్కి తగ్గినా, దాని శిల్పం టెలివిజన్‌కు చేరింది. సులోచనారాణి ‘ఋతురాగాలు’ దూరదర్శన్‌లో రోజువారీ ధారావాహికగా వచ్చి ఇంటింటా చోటు సంపాదించింది.

2016లో త్రివిక్రమ్ చిత్రం ‘అ ఆ’ విడుదలైనప్పుడు పాత పాఠకులు అందులో మీనాను వెంటనే గుర్తుపట్టారు. 1973 చిత్రాన్ని చూడని తరం ఆ చర్చతో నవల పేరు మొదటిసారి విన్నది. రెండేళ్ల తర్వాత, 2018 మే నెలలో, కాలిఫోర్నియాలోని కుపర్టినోలో ఆమె కన్నుమూశారు.