ప్రాజెక్టు రిపోర్టే వ్యూహపత్రం: అనంతగిరి పరిసరాల్లో ఎంబీఏ విద్య లక్ష్యాలు, ప్రగతి

నాలుగు బిజినెస్ స్కూళ్ల వ్యూహపత్రాలు ముందు పెట్టుకుని పేర్లు చెరిపేస్తే ఏది ఏ ఊరిదో పోల్చుకోవడం కష్టం. ప్రపంచస్థాయి విద్య, విలువలున్న నాయకత్వం, పరిశోధన, పరిశ్రమతో అనుబంధం, ప్లేస్‌మెంట్లు అనే మాటలే హైదరాబాదులోనూ వినిపిస్తాయి, కోదాడ పక్కనా వినిపిస్తాయి. ఈ వ్యాసం కోదాడ పక్కన ఉన్న ఊరి గురించి. అనంతగిరి అనగానే చాలామందికి వికారాబాద్ కొండలో, అరకు దారో గుర్తుకొస్తాయి. ఇక్కడ చెబుతున్నది సూర్యాపేట జిల్లాలోని మండల కేంద్రం. ఈ ఊళ్లోని అనురాగ్ ఇంజనీరింగ్ కాలేజీ హైదరాబాద్ జేఎన్‌టీయూకు అనుబంధంగా నడుస్తోంది. అక్కడ ఎంబీఏ కూడా ఉంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాకు 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం వచ్చాక అక్కడా వాణిజ్య, మేనేజ్‌మెంట్ కోర్సులు నడుస్తున్నాయి. ఏ ఒక్క కాలేజీ పనితీరునూ తూకం వేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఇలాంటి చోట ఒక ఎంబీఏ విభాగం దేన్ని లక్ష్యంగా పెట్టుకోవాలి, ఆ దారిలో ఎంత దూరం వచ్చిందో దేనితో కొలుచుకోవాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

మన చేతిలో ఉన్నవాటిలోంచి దేన్నో ఎంచుకోవడాన్నే వ్యూహం అంటాం. కాబట్టి చేతిలో ఏముందో ముందు చూడాలి. కన్వీనర్ కోటా సీట్లు ఐసెట్ ర్యాంకులతో, కౌన్సెలింగ్ ద్వారా నిండుతాయి. ఫీజును ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ నిర్ణయిస్తుంది. అందులో పెద్ద భాగం రీయింబర్స్‌మెంట్ రూపంలో ప్రభుత్వం నుంచి రావాలి. ఆ బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో రాష్ట్రమంతటా ప్రైవేటు కాలేజీలు తరగతులు ఆపేసేదాకా వెళ్లాయి. స్వయంప్రతిపత్తి లేని చోట సిలబస్, పరీక్షలు, క్యాలెండర్ విశ్వవిద్యాలయానివే. విద్యార్థి ఎవరు, ఫీజు ఎంత, అది చేతికందేది ఎప్పుడు అన్న మూడు పెద్ద విషయాల్లో విభాగానికి దక్కే స్వేచ్ఛ చాలా తక్కువ. ఐదేళ్ల ప్రణాళిక రాయడానికి కూర్చున్న విభాగాధిపతి ముందుగా ఒప్పుకోవాల్సిన వాస్తవం ఇది.

అక్రిడిటేషన్ సంస్థల ప్రమాణాల మీద విసుగు పడేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకా విసుగు లేదు. ఎన్‌బీఏ మేనేజ్‌మెంట్ కోర్సులకు పెట్టిన ప్రమాణాలు సంస్థ దార్శనికత, ధ్యేయాలతో మొదలవుతాయి. వాటిలో పరిశ్రమతో సంబంధానికీ, నిరంతర మెరుగుదలకూ చోటుంది. కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ మేనేజ్‌మెంట్ జాబితాలో నూటికి 30 మార్కులు బోధన వనరులకు, 30 పరిశోధన, వృత్తి సాధనకు, 20 చదువు పూర్తిచేసినవారి ఫలితాలకు, 10 అందరికీ అందుబాటుకు, 10 జనాభిప్రాయానికి ఇస్తారు. 1916లో అమెరికాలో పుట్టిన ఏఏసీఎస్‌బీ తన 2020 ప్రమాణాల్లో వ్యూహ ప్రణాళికను మొదటి ప్రమాణంగా, సమాజంపై ప్రభావాన్ని చివరి ప్రమాణంగా ఉంచింది. చుట్టుపక్కల సమాజానికి పనికొచ్చే పని చేయండని ఇవన్నీ ఏదో ఒక రూపంలో అడుగుతూనే ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు రాసే గడిలో మనం రాస్తున్నదేమిటో చూసుకోవాలి. ఒక అతిథి ఉపన్యాసం, ఒక ఫ్యాక్టరీ సందర్శన, రెండు అవగాహన ఒప్పందాలు, నాలుగు ఫొటోలు రాసేస్తే గడి నిండుతుంది. విద్యార్థికీ ఊరికీ మాత్రం ఏమీ మిగలదు.

తాము నిలబడ్డ నేలను చూసి లక్ష్యం పెట్టుకున్న స్కూళ్లు లేకపోలేదు. ఎంబీఏను దేశంలో తొలినాళ్లలోనే, 1957లో, మొదలుపెట్టిన ఘనత ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. రేవు, నౌకానిర్మాణం ఉన్న విశాఖలో ఆ కోర్సు పుట్టింది. 1979లో ఆనంద్‌లో వర్గీస్ కురియన్ గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ‘ఇర్మా’ స్థాపించినప్పుడు పక్కనే అమూల్ ఉంది. పాల సహకార సంఘాలకు మేనేజర్లు కావాలన్న అవసరంలోంచి వచ్చిన స్కూలది. అందుకే విద్యార్థి ఊళ్లో ఉండి చేసే క్షేత్రపని అక్కడ చదువులో భాగమైంది. హార్వర్డ్ ప్రసిద్ధికి మూలమైన కేస్ పద్ధతి కూడా 1919 తర్వాత డీన్ వాలస్ డొనామ్ కాలంలో, కంపెనీల దగ్గరికి మనుషుల్ని పంపి వాళ్ల ఇబ్బందులు రాయించుకోవడంతోనే బలపడింది. 2001లో హైదరాబాదులో మొదలైన ఐఎస్‌బీ వేరే దారి పట్టింది. కెలాగ్, వార్టన్, లండన్ బిజినెస్ స్కూళ్ల సాయంతో అంతర్జాతీయ పరిశోధనను లక్ష్యంగా పెట్టుకుంది. దాని వనరులకు ఆ దారి సరిపోయింది. అదే లక్ష్యాన్ని అనంతగిరిలో కాపీ చేసుకుంటే విభాగం తన దగ్గర లేనిదాన్ని రోజూ లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. తన దగ్గర ఉన్నదాన్ని చూసే తీరిక మాత్రం దానికి దొరకదు.

ఉన్నదేమిటి? 65వ నంబరు జాతీయ రహదారి మీద కోదాడ ఉంది. అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ దాకా సాగర్ ఎడమకాలువ ఆయకట్టు పరుచుకుంది. మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి, దాని మీద సిమెంటు ఫ్యాక్టరీలు. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు. వాటిలో చాలా కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ మార్కెట్ పుణ్యమా అని అందరికీ దొరుకుతాయి. మిల్లు సంగతి అలా కాదు. అది ఎక్కువగా కుటుంబ భాగస్వామ్యంలో నడుస్తుంది. లెక్కలు ఆ ఇంటి మనుషుల తలలోనూ గుమాస్తా పుస్తకంలోనూ ఉంటాయి. మేనేజ్‌మెంట్ విద్యకు ఇంత దగ్గరగా ఇంత చిక్కటి విషయం మరోచోట దొరకడం అరుదు.

ఇందులోంచి మూడు ఉదాహరణలు చూద్దాం. మొదటిది ఒక లెక్క. ఇక్కడి రైతు సన్నవడ్లను మిషన్‌తో కోయించి, ఆరబెట్టకుండా, పచ్చివడ్లుగానే ట్రాక్టర్‌లో మిల్లుకు తోలుతాడు. కొనుగోలు కేంద్రానికి వెళ్లాలంటే తేమ 17 శాతానికి మించకూడదు. 2025–26కు ఏ గ్రేడ్ మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే బోనస్ 500. కలిపితే 2,889. కోసినప్పుడు తేమ 25 శాతం ఉందనుకుందాం. క్వింటాలు పచ్చివడ్లలో 75 కిలోలు గింజ పదార్థం, మిగతాది నీరు. 17 శాతానికి ఆరాక అదే ధాన్యం 90.36 కిలోలు తూగుతుంది. దాని విలువ సుమారు 2,610 రూపాయలు. అంటే మిల్లరు పచ్చివడ్లకు 2,500 ఇస్తే రైతు వదులుకుంటున్నది 110 రూపాయలు. ఆ 110లోంచే ఆరబెట్టే కూలి, పట్టాల అద్దె, కల్లంలో గడిపే రోజులు, వాన భయం, డబ్బు పడేదాకా ఎదురుచూపు తీసేయాలి. తేమ 22 శాతమైతే ఈ అంకె వేరు, 28 అయితే మరీ వేరు. బోనస్ వచ్చినా రైతు మిల్లు గేటు దగ్గరే ఎందుకు అమ్ముతున్నాడో, ఏ ధర దగ్గర మనసు మార్చుకుంటాడో ఈ నాలుగు వరుసల లెక్క చెబుతుంది. ఐదు తేమ స్థాయులకు, మూడు ధరలకు దీన్ని పట్టికగా చేసి కోతల ముందు పంచితే అది విస్తరణ సేవ అవుతుంది. అదే పట్టికతో బ్రేక్ ఈవెన్ విశ్లేషణ చెప్పొచ్చు.

రెండోది క్యూ. 2020 నవంబరులో మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. రద్దీ తట్టుకోవడానికి అధికారులు రైతులకు టోకెన్లు ఇవ్వాల్సి వచ్చింది. టోకెన్ల కోసం మళ్లీ వరుసలు. తర్వాత ఎంఐటీ ఆచార్యుడైన జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రతి ఆపరేషన్స్ పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. వరుసలో ఉన్నవాటి సంఖ్యను, గంటకు ఎన్ని కదులుతున్నాయో ఆ సంఖ్యతో భాగిస్తే నిరీక్షణ కాలం వస్తుంది. ఒక మిల్లు గంటకు ఎనిమిది ట్రాక్టర్లు దించుకోగలదనీ, బయట 96 ఉన్నాయనీ అనుకుంటే చివరివాడు పన్నెండు గంటలు ఆగాలి. ఆ పన్నెండు గంటల్లో పచ్చివడ్లు వేడెక్కుతాయి, రంగు మారతాయి, ధర తగ్గుతుంది. ఇరుకు కాంటా దగ్గర ఉందా, హమాలీల దగ్గరా, డ్రయ్యర్ దగ్గరా? అది తేలకుండా టోకెన్ ఇస్తే వరుస ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుందంతే. ఈ సూత్రాన్ని మన విద్యార్థులకు విమానాశ్రయం ఉదాహరణతో చెప్పడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మూడోది, అన్నిటికన్నా పెద్దది, ఉప్పుడు బియ్యం. యాసంగి వడ్లు ఎండల వల్ల మరలో ఎక్కువగా విరుగుతాయి. వాటిని ఉడకబెట్టి మర పట్టించడం ఆ నష్టానికి విరుగుడు. మిల్లులు బాయిలర్లలో పెట్టుబడి పెట్టింది అందుకే. 2021లో కేంద్రం ఇక ఉప్పుడు బియ్యం తీసుకోమంది. ఇవ్వబోమని రాష్ట్రం రాసిచ్చింది. ఆ వివాదం 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో దీక్షకు కూర్చునేదాకా సాగింది. రాజకీయం పక్కన పెడితే మిల్లరు ముందున్న ప్రశ్న ఇది: పెద్ద కొనుగోలుదారు ఒక్కడే అయినప్పుడు, అతను ఒక సరుకు వద్దంటే, దానికోసమే పెట్టిన యంత్రాన్ని ఏం చేయాలి? క్వింటాలు వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలన్న కస్టమ్ మిల్లింగ్ నిబంధన, తవుడూ ఊకా మిల్లుకే మిగలడం, నూకలు ఎక్కువైతే వచ్చే నష్టం, ఇవన్నీ కలిస్తేనే మిల్లు లాభనష్టాలు అర్థమవుతాయి. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పథకం మొదలవడంతో ఈ కథకు కొత్త మలుపు వచ్చింది. ఇప్పుడు ప్రభుత్వం కూడా సన్నాల కోసమే చూస్తోంది.

ఇంత విషయం పక్కన పెట్టుకుని మన ఎంబీఏ ప్రాజెక్టులు దేనిమీద వస్తున్నాయి? చివరి సెమిస్టర్‌లో ప్రతి విద్యార్థీ ఒక ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి, వైవా ఎదుర్కోవాలి. ఫలానా సిమెంటు కంపెనీలో వర్కింగ్ క్యాపిటల్, రేషియో విశ్లేషణ, ఉద్యోగుల సంతృప్తి అనే శీర్షికలు ఈ రంగంలో ఉన్న అందరికీ కంఠతా వచ్చు. కంపెనీ మారుతుంది, సంవత్సరాలు మారతాయి, అధ్యాయాలు మారవు. బైండింగ్ అయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. నా వాదన ఇక్కడే ఉంది. ఫీజు, సీటు, సిలబస్ విభాగం చేతిలో లేకపోయినా ప్రాజెక్టు శీర్షిక, మార్గదర్శకుడి సమయం చాలావరకు దాని చేతిలోవే. కొత్తగా రూపాయి ఖర్చు లేకుండా ఏటా పదుల సంఖ్యలో మనుషులు కొన్ని నెలలు పనిచేసే వనరు అది. వ్యూహపత్రంలో మొదటి లక్ష్యం దానిమీదే ఉండాలి. ఒకే మిల్లుల సముదాయాన్ని, ఒకే ప్రశ్నల జాబితాతో, ఏటేటా కొత్త బ్యాచ్ కొలవాలి. ఈ ఏటి రిపోర్టు నిరుటి రిపోర్టు ఆగిన చోట మొదలవ్వాలి.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, విద్యార్థికి కావాల్సింది హైదరాబాదులో ఉద్యోగం, మిల్లు చదువు కాదని. ఆ కోరిక న్యాయమైనదే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే అమ్మాయికి మొదటి జీతం ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అయితే ఇంటర్వ్యూలో తన చేత్తో కొలిచిన క్యూ గురించి, తాను తయారుచేసిన ధరల పట్టిక గురించి చెప్పగలిగే అభ్యర్థికీ, పాఠ్యపుస్తకం నిర్వచనం అప్పజెప్పే అభ్యర్థికీ తేడా ఏ కంపెనీకైనా తెలుస్తుంది. రెండోది బలమైనది. మిల్లరు లెక్కలు చూపించడు. పన్ను భయం, పోటీ భయం, బయటివాళ్లంటే సంకోచం అన్నీ ఉంటాయి. అందుకే లాభాల లెక్క దగ్గర మొదలుపెట్టకూడదు. గేటు దగ్గర నిలబడి ట్రాక్టర్ వచ్చిన వేళ, కాంటా ఎక్కిన వేళ, ఖాళీ అయి వెళ్లిన వేళ రాసుకోవడానికి ఎవరి పుస్తకమూ తెరవక్కర్లేదు. ఆ కొలతతో మిల్లుకు గంట కలిసొస్తే రెండో ఏడాది కుర్చీ వేసి కూర్చోబెడతారు. పేర్లు తీసేసి కేసు రాయడమన్న కట్టుబాటు మొదటి రోజే రాతపూర్వకంగా ఇవ్వాలి.

అధ్యాపకుడి సంగతి మాత్రం తేలిగ్గా తేలదు. వారానికి పదహారు, పద్దెనిమిది గంటల బోధన, పైన అడ్మిషన్ల పని, అక్రిడిటేషన్ ఫైళ్లు ఉన్న మనిషిని కోతల కాలంలో మిల్లు చుట్టూ తిరగమంటే అన్యాయం. ఒక కేసు రాయడాన్ని ఒక పత్రిక వ్యాసంతో సమానంగా లెక్కించాలి. ఆ సీజన్‌లో అతని బోధన గంటలు తగ్గించాలి. యాజమాన్యం ఈ రెండూ చేయకపోతే మిగతా లక్ష్యాలు కాగితం మీదే ఉంటాయి.

ప్రగతిని కొలిచే అంకెలు కూడా ఇక్కడి నుంచే రావాలి. తరగతిలో వాడుతున్న స్థానిక కేసులెన్ని, ఒక రిపోర్టును ఆధారంగా తీసుకున్న తర్వాతి రిపోర్టులెన్ని, కొలత చూశాక పద్ధతి మార్చుకున్న మిల్లులెన్ని, ధరల పట్టిక కోసం తిరిగి వచ్చిన రైతులెందరు. ప్లేస్‌మెంట్ శాతం, ఉత్తీర్ణత శాతం పక్కనే ఇవీ ఉంటే ఎన్‌బీఏ బృందానికి చూపించడానికి ఫొటోలు వెతుక్కోనక్కర్లేదు.

ఈ ప్రణాళికలో విశ్వవిద్యాలయం మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది. సాగర్ ఆయకట్టులో వానాకాలం కోతలు అక్టోబరు, నవంబరులో. యాసంగి కోతలు ఏప్రిల్, మేలో. మిల్లులు నిండుగా ఆడేదీ, వరుసలు పడేదీ, ధర రోజుకోలా మారేదీ ఆ వారాల్లోనే. జేఎన్‌టీయూ, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం తమ ఎంబీఏ క్యాలెండర్లలో ఈ రెండు కోతల్లో ఒకదానికి మూడు వారాల క్షేత్రపని గడువు కేటాయించాలి. ఆ వారాల్లో మిడ్ పరీక్షలు పెట్టకూడదు. కోరుకున్న కాలేజీలకైనా ఆ వెసులుబాటు ఇస్తూ ఒక ఉత్తర్వు వస్తే, వచ్చే కోతలకే ఒక బ్యాచ్ గేటు దగ్గర గడియారంతో నిలబడగలదు.