బందరు గ్రహణం నుంచి పసి చుక్కల లెక్క దాకా

1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునాట మూడుచోట్ల దుర్భిణులు బిగింపజేసింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, వనపర్తిలో చింతామణి రఘునాథాచారి, బందరులో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్. బందరులో చూసిన సూర్యుడి వర్ణపటంలో కనబడిన పసుపు గీత సోడియం గీతతో సరిగా కలవలేదు. అది హీలియందని ఆ తరువాత తేలింది. ఖగోళ చరిత్రలో బందరు పేరు ఈ గీతతోనే వినబడుతుంది కానీ, నా దృష్టిలో పోగ్సన్ అసలు ఘనత వేరు. 1856లోనే ఆయన చుక్కల కాంతికి కొలబద్ద కట్టాడు: తరగతికీ తరగతికీ 2.512 రెట్ల తేడా. ఆకాశంలో చిన్న చుక్కలెన్ని, పెద్దవెన్ని అన్న లెక్కకు అదే ఆధారం.

లెక్కకు ముందు చుక్కలను గుర్తించి పెట్టుకోవాలి. హైదరాబాదు నిజామియా వేధశాల ఫొటో పలకల మీద లక్షల చుక్కల స్థానాలు కొలిచింది. ఇక చుక్క కాంతిని బట్టి దాని ద్రవ్యరాశిని అంచనా కట్టే దారి 1924లో ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ చూపాడు. 1955లో మరో శాస్త్రవేత్త సల్పీటర్ సూర్యుడి ఇరుగుపొరుగు నక్షత్రాలను లెక్కించి, త్వరగా ఆరిపోయిన పెద్దవాటిని మళ్లీ లెక్కలో కలిపి, పుట్టుకనాటి పంపకం తేల్చాడు: ద్రవ్యరాశి పదింతలైతే సంఖ్య సుమారు 22వ వంతుకు పడిపోతుంది. ఇదే సల్పీటర్ వాలు.

ఆరిపోయినవాటిని ఊహించే పని తప్పాలంటే ఇప్పుడిప్పుడే పుట్టిన చుక్కల పసిగుంపులనే చూడాలి. అవేమో అణుమేఘాల ధూళిలో దాగుంటాయి. 1970లో ఓరియన్‌లో కార్బన్ మోనాక్సైడ్ రేడియో గీత దొరకడంతో మేఘాల పటాలు గీయడం సాధ్యమైంది. లోపలి చుక్కలను పరారుణ కెమెరాలు పట్టాయి. గొల్లకావిడికి (ఓరియన్ నడుము మీది మూడు చుక్కలకు) కాస్త దిగువన ఉండే ఆ ఓరియన్ నెబ్యులాను దివిసీమలో హంసలదీవి ఇసుక మీద నుంచి మాఘమాసపు రాత్రి బైనాక్యులర్స్‌తో చూడవచ్చు. గుడివాడ వీధిదీపాల కింద మాత్రం కష్టం. ఓరియన్ లాంటి పసిగుంపుల్లో సూర్యుడి ద్రవ్యరాశిలో సగానికి దిగువన సల్పీటర్ వాలు మెత్తబడుతుంది. మూడో వంతో నాలుగో వంతో ఉన్నవే ఎక్కువ, ఇంకా చిన్నవి మళ్లీ తక్కువ. శాస్త్రవేత్తలు క్రూపా 2001లో, షాబ్రియే 2003లో దీన్ని సూత్రాలకెక్కించారు.

1998లో ఖగోళ శాస్త్రవేత్తలు మోట్, ఆండ్రేల బృందం ఇంకా నక్షత్రాలు కాని వాయు ముద్దల్లోనూ ఇదే తీరు చూసింది. ద్రవ్యరాశి పంపకం మేఘంలోనే జరిగిపోతోందని కొందరు సంబరపడ్డారు. అది సగం జవాబే. ఒక ముద్ద ఎన్ని చుక్కలుగా చీలుతుందో, ఎంత వాయువు వృథాగా ఎగిరిపోతుందో అది చెప్పదు.

2023లో జేమ్స్ వెబ్ దుర్భిణి ఐసీ 348 గుంపులో ద్రవ్యరాశిలో గురుగ్రహానికి మూడు నాలుగింతలు మాత్రమే ఉన్న వస్తువును పట్టింది. ద్రవ్యరాశి పంపకం కింది అంచు ఇంకా జరుగుతూనే ఉంది. పెద్ద చుక్కల వైపు సల్పీటర్ వాలు మాత్రం 70 ఏళ్లయినా పెద్దగా మారలేదు. దానికి అందరూ ఒప్పుకున్న కారణం ఇప్పటికీ లేదు.